నలభై దారులు చాలు

"మధ్యాహ్నం రెండింటికల్లా ఇంట్లో ఉంటావుగా, ఇంకేం" అన్నాడు మా ఆయన నౌఫెల్, పుచ్చకాయని వంటగది బల్ల మీద దించుతూ. జూలై వచ్చిందంటే మా ట్యూనిస్‌లో ఆఫీసులన్నీ ఒంటిపూటే. ఎండ ముదరకముందే తలుపులు వేసేస్తారు. మా ఇంట్లో ఒంటిపూట అన్న మాటకి అర్థం ఏమిటంటే, ఆ రెండో పూట ఈ రౌదాది, అంటే నాది కాదు, అందరిదీ. మా అత్తగారి పళ్ళ డాక్టరు, పిల్లల ఈత, ఆడపడుచు కూతురి గౌను కొలతలు, అన్నీ జూలై దాకా ఆగుతాయి. ఎందుకంటే రౌదా రెండింటికి వచ్చేస్తుంది. నౌఫెల్ హైస్కూల్లో జాగ్రఫీ మేష్టారు. జూన్ ఆఖరు నుంచి సెప్టెంబరు దాకా అతనికి పూర్తి సెలవు. కానీ అతని సెలవు అతనిది, అందులో ఎవరూ వేలు పెట్టరు. రోజూ పొద్దున్నే బజారుకెళ్ళి ఒక పుచ్చకాయ మోసుకొస్తాడు. దాంతో ఇంటి పనిలో తన వాటా అయిపోయినట్టే. దాన్ని కడిగేది, కోసేది, గింజలు ఏరేది, చీమలు పట్టకముందే తొక్కలు కింద పడేసి వచ్చేది నేను. ఏమన్నా అంటే, బరువు మోసింది నేను కదా అంటాడు.

ఆ రోజు మాట ఊలా గురించి వచ్చింది. ఏడాదికి సరిపడా గోధుమరవ్వ కుస్కుస్ ఇంట్లోనే చేసి ఎండబెట్టుకునే పనిని మేం ఊలా అంటాం. బజార్లో పొట్లాలు కావలసినన్ని దొరుకుతాయి. కానీ మా అత్తగారు మన్నూబియా దృష్టిలో పొట్లం కుస్కుస్ ఎవరూ లేనివాళ్ళు తినేది. శనివారం ఆవిడ ఇంట్లో ఊలా పెట్టుకున్నారు. ఈ శనివారం నాకు కుదరదని, సోమవారం నుంచి ఆఫీసులో పెద్ద పరీక్ష ఉందని, ఇంట్లో కూర్చుని లాగ్‌లు, అంటే కంప్యూటర్లు తమ పని రాసుకునే చిట్టాలు, చూసుకోవాలని చెప్పాను. "మిషన్లే కదా రౌదా, శనివారం వాటికీ సెలవే. అమ్మకిది ఏడాదికొక్కసారి" అన్నాడు. గట్టిగా అనలేదు. నౌఫెల్ ఎప్పుడూ దేన్నీ గట్టిగా అనడు, అదే వచ్చిన చిక్కు. గట్టిగా అనేవాడితో పోట్లాడొచ్చు. మెత్తగా అనేవాడితో పోట్లాడితే గయ్యాళి అని పేరొస్తుంది. సరేనన్నాను.

నేను చేసే పని ఏమిటో పదిహేనేళ్ళుగా మా ఇంట్లో ఎవరూ అడగలేదు కాబట్టి మీకు చెప్తాను. మాది ఒక ఆరోగ్య బీమా సంఘం. దేశమంతా ముప్పై ఒక్క శాఖలున్నాయి. మా భవనంలో కింది అంతస్తులో, చల్లటి గదిలో, ఒక మెయిన్‌ఫ్రేమ్, అంటే బీరువా అంత పాత కంప్యూటరు, ఉంది. నాకంటే చాలా ముందే ఉద్యోగంలో చేరింది. మక్కా వెళ్ళొచ్చిన పెద్దావిడని పిలిచినట్టు అందరూ దాన్ని హాజ్జా అంటారు. సభ్యుల వివరాలన్నీ ఆవిడ కడుపులోనే ఉంటాయి. శాఖల్లో కౌంటరు దగ్గర అమ్మాయిలు చూసే తెరలు కొత్తవి, ఆ తెరల వెనకున్న సర్వర్లు కొత్తవి. వాటికి హాజ్జా భాష రాదు. హాజ్జాకి వాటి భాష రాదు, నేర్చుకునే ఉద్దేశమూ లేదు. అందుకని మధ్యలో మిడిల్‌వేర్ అనే ప్రోగ్రాము ఉంటుంది. సర్వరు అడిగిన ప్రశ్నని హాజ్జాకి అర్థమయ్యేట్టు మడిచి పంపుతుంది, ఆవిడ ఇచ్చిన జవాబుని విప్పి తెచ్చి ఇస్తుంది. అది ఒకేసారి ఎన్ని దారులు తెరవాలి, ఒక్కో ప్రశ్నకి ఎంతసేపు ఎదురు చూడాలి, ఎప్పుడు ఆశ వదులుకోవాలి, ఇవన్నీ సరిచూసేది నేను. ఇంట్లో కూడా నువ్వు మిడిల్‌వేర్‌వే కదే అని నా స్నేహితురాళ్ళు నవ్వుతారు. ఆ పోలిక నాకు నచ్చదు. మిడిల్‌వేర్‌కి ఏమన్నా అయితే ముగ్గురు మనుషులు పరిగెత్తుకొస్తారు. నాకు జ్వరమొస్తే రాత్రికి వంటేమిటని అడుగుతారు.

ఈ వేసవిలో హాజ్జా నుంచి జవాబులు బాగా ఆలస్యమయ్యాయి. ఒంటిపూట కాబట్టి రోజంతా వచ్చే జనం ఆరు గంటల్లోనే వచ్చి పడతారు. పొద్దున్న పదింటికి ఒక మనిషి వివరాలు తెర మీదకి రావడానికి నలభై సెకన్లు పట్టేది. కౌంటరు ముందు చంటిపిల్లని ఎత్తుకుని నిలబడ్డ తల్లికి అది ఎంతసేపో చెప్పనక్కర్లేదు. మా విభాగం పెద్ద ఏప్రిల్‌లో రిటైరయ్యాడు, ఆయన కుర్చీ ఖాళీగా ఉంది. మా డైరెక్టర్ సీ షెద్లీ (సీ అంటే మా దగ్గర గారు అన్నట్టు) మీటింగులో అందరి ముందూ ఒక మాటన్నాడు. సోమ, మంగళవారాలు అనీస్ చెప్పిన అంకెలు పెడదాం, బుధ, గురువారాలు మదామ్ రౌదా చెప్పినవి పెడదాం, ఎవరి అంకెలు నిలబడితే ఆ కుర్చీ వాళ్ళది అని. నేను ఆనందం పట్టలేక లేచి నిలబడ్డాను. "ఎలాగూ లేచారు కదా మదామ్, అలాగే నాలుగు కాఫీలు చెప్పండి" అన్నాడు. చెప్పాను. ఐదు చెప్పాను, నాక్కూడా కలిపి.

అనీస్ మంచి కుర్రాడు. ఇరవై తొమ్మిదేళ్ళుంటాయి. లాగ్‌లు చదవడం అతనికి నేనే నేర్పాను. అతని ఉపాయం రిటైరైన పెద్దాయన ఉపాయమే. నెమ్మదించిందా, ఇంకొన్ని దారులు తెరువు. పెద్దాయన అరవై దారుల్ని నూట ఇరవై చేశాడు. అనీస్ రెండు వందల నలభై అన్నాడు. నేను నలభై అన్నాను. గదిలో అందరూ నవ్వారు. దారులు తగ్గిస్తే వేగం పెరుగుతుందా మదామ్ అని ఒకాయన జాలిగా అడిగాడు. హాజ్జా ఒకేసారి సుఖంగా చేయగలిగింది నలభై పనులే. రెండు వందల నలభై మందిని ఒక్కసారే లోపలికి తోస్తే ఒక్కొక్కరి పనీ కాస్త కాస్త మొదలుపెట్టి ఏదీ పూర్తి చేయదు. మిగతావాళ్ళని బయటే వరసలో నిలబెడితే అందరికీ తొందరగా అవుతుంది. పదకొండేళ్ళుగా ఇదే మాట నివేదికల్లో రాశాను. కింద పెద్దాయన సంతకం పెట్టేవాడు. మెచ్చుకోలు వచ్చిన నివేదికలు పైఅంతస్తులో ఆయనవి అయ్యేవి, తిరిగొచ్చినవి మాత్రం నావి అయ్యేవి. ఇప్పుడు నాకు ఆ కుర్చీ కావాలి. ఇలా బయటికి చెప్పడానికి మనం సిగ్గుపడతాం, ఇస్తే కాదనను, అడిగితే చేస్తాను అంటూ నసుగుతాం. నాకు కావాలి. రాకపోతే, నేను నేర్పిన పిల్లాడి కింద, నేను రాసిన కాగితాల మీద అతని సంతకం చూస్తూ ఇంకో పదకొండేళ్ళు పనిచేయాలి.

అయితే నా అంకెల్లో ఒక చిల్లు ఉంది. ఎంత లెక్కేసినా శాఖలకొచ్చే జనానికి, హాజ్జా దగ్గరికొచ్చే ప్రశ్నలకి పొంతన కుదరట్లేదు. రోజుకి ఇంతమంది వస్తారు, మనిషికి ఒకటో రెండో ప్రశ్నలు, అంతే కదా. లాగ్‌లో అంతకి దాదాపు మూడింతలున్నాయి. ఎందుకో తెలియదు. అది తెలియకుండా నలభై దారులే తెరిస్తే బయటి వరస పెరిగి పెరిగి అనీస్ అంకెల కంటే నావే ముందు కూలిపోవచ్చు. శనివారం కావాలని నేను కొట్టుకున్నది ఇందుకే.

శనివారం పొద్దున్నే అరియానాలో మా అత్తగారి డాబా మీద చేరాం. రవ్వ బస్తాలు, పెద్ద చెక్క పళ్ళేలు, రకరకాల జల్లెడలు, ఆరబోయడానికి ఉతికిన తెల్ల దుప్పట్లు. పళ్ళెంలో రవ్వ పోసి, నీళ్ళు చిలకరించి, అరచేత్తో గుండ్రంగా తిప్పుతూ ఉంటే చిన్న చిన్న గింజలు కడతాయి. వాటిని జల్లించి, ఆవిరి పట్టి, ఆరబెట్టాలి. చెప్పడానికి ఒక వాక్యం, చేయడానికి రెండు రోజులు. నా బుర్రంతా లాగ్‌ల మీదుండి పళ్ళెంలోకి రవ్వ ఎక్కువ కుమ్మరించాను. అంతా ముద్దయింది. మా అత్తగారు చూసి, "పిల్లా, చేతికి ఎంత అందుతుందో అంత పోయాలి. ఇదేమన్నా నీ కంప్యూటరనుకున్నావా, బటను నొక్కితే అయిపోవడానికి" అంది. ఆవిడ దెప్పుళ్ళకి ఒక లయ ఉంటుంది. ముందు నా వంట, తర్వాత నా ఉద్యోగం, తర్వాత నా నడుం సన్నబడటం. మూడూ అయ్యాక ప్రేమగా ఏదో ఒకటి నోట్లో పెడుతుంది. ఆ రోజు అంజూరపండు పెట్టింది.

పక్కింటి వస్సీలా నా ఎదురుగా కూర్చుంది. ఎనిమిదేళ్ళుగా ఎరుగుదును. ఎండుమిర్చి ముద్ద బాగా నూరుతుంది, పెద్దకొడుక్కి ఆయాసం, నవ్వితే డాబా ఎగిరిపోతుంది, ఇంతే తెలుసు. మాటల మధ్యలో తను అన్నది, "మీ హాజ్జాకి ఈమధ్య నిద్ర ఎక్కువైంది రౌదా, మా వేళ్ళు అరిగిపోతున్నాయి" అని. తెల్లబోయాను. తను మా అరియానా శాఖలోనే కౌంటరు మీద కూర్చుంటుందట, ఆరేళ్ళుగా. మా ఇంట్లో ఎవరూ నా పనేమిటో అడగలేదని మూలిగే నేను, ఈవిడ ఏ ఉద్యోగం చేస్తుందో ఒక్కసారీ అడగలేదు. ఆఫీసులో ఎవరికీ ఆ ఆలోచన రాలేదు. తెరల గురించి శాఖల మేనేజర్లని అడిగాం, సర్వర్లమ్మిన కంపెనీ వాళ్ళని అడిగాం. రోజంతా ఆ తెర ముందు కూర్చునే ఆడపిల్లల్ని అడగలేదు. సిగ్గేసింది. సిగ్గుపడుతూనే అడిగాను, తెర ఆలస్యమైతే మీరేం చేస్తారు అని.

"ఏముంది, బేకరీ దగ్గర చేసినట్టే" అంది వస్సీలా, జల్లెడ ఆపకుండా. "మా బేకరీలో మూడు వరసలుంటాయా, ఒక దాంట్లో మా ఆయన, ఒక దాంట్లో నేను, ఒక దాంట్లో మా వాడు. ఎవరు ముందు చేరితే వాళ్ళు రొట్టె పట్టుకొస్తారు. ఇక్కడా అంతే. మనిషి రాగానే తెర మీద మూడు కిటికీలు తెరిచి, మూడింట్లోనూ అదే నంబరు కొడతాం. ఏది ముందొస్తే అది చూస్తాం."

"మిగతా రెండూ?"

"వాటి మానాన అవి ఉంటాయి. కైరువాన్ శాఖలో ఒకమ్మాయి కనిపెట్టింది ఈ కిటుకు. ఇప్పుడు అన్ని శాఖలకీ తెలుసు, మీ పైఅంతస్తు వాళ్ళకి తప్ప."

 నాకు నవ్వు వచ్చింది. ఎంత నవ్వానంటే ఒడిలో ఉన్న రవ్వంతా డాబా మీద చిందింది. మూడింతలు! నెల రోజులుగా ఆ మూడింతల కోసం వైర్లు తడిమాను, సర్వర్లని అనుమానించాను, ఒక రాత్రి ఏడ్చాను కూడా. దేశమంతటా తెలివైన ఆడవాళ్ళు ఒక్క రొట్టె కోసం మూడు వరసల్లో నిలబడుతున్నారు, అందుకే వరస కదలట్లేదు. వస్సీలా ఏం తప్పు మాట్లాడానో అని కంగారు పడింది. వెళ్ళి తన రెండు బుగ్గలూ ముద్దుపెట్టుకున్నాను, పిండి చేతులతోనే. మా అత్తగారు కింద పడ్డ రవ్వ వైపు చూసి, నా వైపు చూసి, "ఎండ దెబ్బ తగిలినట్టుంది, దీన్ని నీడలో కూర్చోబెట్టండి" అంది.

ఆదివారం ఆరబోసిన కుస్కుస్‌కి పిచ్చుకల కాపలా నాకు అప్పగించారు. డాబా మీద గొడుగు కింద లాప్‌టాప్ పెట్టుకుని, ఒక చేత్తో పిచ్చుకల్ని తోలుతూ ఒక చేత్తో నా అంకెలు సరిచేసుకున్నాను. దారులు నలభై. ఒక మనిషి వివరాలకోసం ప్రశ్న ఇప్పటికే దారిలో ఉంటే, అదే ప్రశ్న మళ్ళీ వచ్చినా హాజ్జా దగ్గరికి పంపకూడదు, వచ్చిన ఒక్క జవాబునే అడిగిన కిటికీలన్నిటికీ పంచాలి. ఇంకో దిక్కుమాలిన పద్ధతి కూడా కనబడింది. ముప్పై సెకన్లలో జవాబు రాకపోతే సర్వరు విసుగెత్తి అదే ప్రశ్న మళ్ళీ పంపుతోంది. పాపం హాజ్జా మొదటి దాని మీదే ఇంకా కష్టపడుతూ ఉంటుంది. ఆ ముప్పైని తొంభై చేశాను. జవాబు వచ్చిన ప్రతిసారీ దారి మూసేసి మళ్ళీ తెరవడం మాన్పించాను. మధ్యలో నౌఫెల్ పైకొచ్చాడు. ఏం చేస్తున్నావని అడుగుతాడేమో, చెప్దామని నోరు తెరిచాను. పుచ్చకాయ కోసే కత్తి ఎక్కడుందని అడిగాడు. ఎప్పుడూ ఉండే సొరుగులోనే ఉందని చెప్పాను.

సోమవారం అనీస్ రెండు వందల నలభై దారులతో పొద్దున్న మొదటి గంట బ్రహ్మాండంగా నడిచింది. అందరూ అతని వీపు తట్టారు. పదింటికి యాభై రెండు సెకన్లయింది. మంగళవారం పదకొండింటికి అన్ని శాఖల్లోనూ తెరలు ఇరవై నిమిషాల పాటు బిగుసుకుపోయాయి. అనీస్ మొహం పాలిపోయింది. ఆ రోజు ఎవరూ అడక్కుండానే అతనికి కాఫీ తెచ్చిపెట్టాను. ఎందుకిలా అయిందో లాగ్‌లో చూపించాను. అతను బుద్ధిగా విని, "మదామ్, ఇది మీరు నాకు రెండేళ్ళ కిందట కూడా చెప్పారు, నేనే బుర్రకెక్కించుకోలేదు" అన్నాడు. ఆ మాట అనగలిగిన మగవాడు మా విభాగంలో అతనొక్కడే.

బుధవారం నా నలభై దారులు తెరిచి గోళ్ళు కొరుక్కుంటూ కూర్చున్నాను. తొమ్మిదింటికి బాగుంది, తొమ్మిదింటికి ఎవరివైనా బాగుంటాయి. పదింటికి రెండు సెకన్లు. పదిన్నరకి రెండు సెకన్లు. పదకొండింటికి ఫోన్లు మొదలయ్యాయి. మొదటిది కైరువాన్ నుంచి. తెర చెడిపోయినట్టుంది మదామ్, నంబరు కొట్టీ కొట్టగానే జవాబొచ్చేస్తోంది, నిన్నటి జవాబేదో చూపిస్తున్నట్టుంది, కాస్త చూడండి అని ఒకమ్మాయి ఫిర్యాదు చేసింది. అది ఇవాళ్టి జవాబేనమ్మా అని చెప్పి ఒప్పించడానికి ఐదు నిమిషాలు పట్టింది. తర్వాత వస్సీలా. మూడు కిటికీలూ ఒకేసారి తెరుచుకుంటున్నాయి రౌదా, ఏది చూడాలో తెలియక కళ్ళు తిరుగుతున్నాయి అని. ఇకనుంచి ఒక్కటే తెరువమ్మా, మీ కైరువాన్ పిల్లకి కూడా చెప్పు అన్నాను. గురువారం కూడా అంతే. మధ్యాహ్నం సీ షెద్లీ స్వయంగా మా గదికి మిఠాయిల పెట్టె పట్టుకొచ్చాడు. తగ్గిస్తే వేగం పెరగడం తన సర్వీసులో మొదటిసారి చూశానన్నాడు, రేపు పొద్దున్న కాగితం మీద సంతకం పెడతానన్నాడు. కారు కిటికీలన్నీ దించి పాడుకుంటూ ఇంటికొచ్చాను. ఎర్రలైటు దగ్గర పక్క టాక్సీవాడు కూడా గొంతు కలిపాడు.

ఇంటికొచ్చేసరికి మా అత్తగారు ఎండిన కుస్కుస్ సంచులతో వచ్చి ఉంది. వంటగది బల్ల దగ్గర ముగ్గురం కూర్చున్నాం. జరిగిందంతా ఒక్క ఊపిరిలో చెప్పాను. నౌఫెల్ నవ్వుతూ విని, తనకి నిన్ననే తెలుసన్నాడు. డైరెక్టరు తనకి ఫోన్ చేశాడట.

"మర్యాదస్తుడు" అన్నాడు. "కుర్చీ నీకిస్తే ఇంట్లో ఇబ్బందవుతుందేమోనని ముందుగా నన్ను కనుక్కున్నాడు."

"నువ్వేమన్నావు?"

"ఏమంటాను. తనకి ఇప్పటికే తలకి మించిన పని ఉంది, పేరుకి ఆ కుర్రాడిని పెట్టండి, రౌదా పక్కనుండి చూసుకుంటుంది అన్నాను. నీ మంచికే."

మంచికే. ఆ మాట విన్నాక నాకు కోపం రావడానికి కాసేపు పట్టింది, ముందు మొహమాటం వచ్చింది. అతను మెత్తగానే అన్నాడు కదా, నా కళ్ళ కింది నల్లచారలు చూసే అన్నాడు కదా, అత్తగారి ముందు గొడవెందుకు అని బుర్ర తన పాత దారిలోనే పరిగెత్తింది. పదిహేనేళ్ళలో ఇలా ఎన్ని నిర్ణయాలు నా మంచికే జరిగిపోయాయో గుర్తొచ్చింది. నాకు డ్రైవింగు అలసట అని పెద్ద కారు తను తీసుకున్నాడు. ఫ్రెంచి కంపెనీలో శిక్షణకి ఆరు వారాలు పంపిస్తామంటే, పిల్లలు బెంగపడతారని నేను ఏడవకుండా తనే ముందు కాదనేశాడు. ప్రతిసారీ నేను కృతజ్ఞతగా తలూపాను. అతను చెడ్డవాడు కాదు. చలేస్తోందా అని అడక్కుండానే నా కిటికీ మూసేసే మనిషి. ఇద్దరు మగవాళ్ళు, ఒకరినొకరు ఎప్పుడూ చూసుకోనివాళ్ళు, నేను నాలుగు రోజులు గోళ్ళు కొరుక్కుని గెలిచిన దాన్ని మూడు నిమిషాల్లో ఎంతో మర్యాదగా పంచేసుకున్నారు. ఇద్దరికీ నా మీద సానుభూతే. అది తలుచుకుంటే ఒళ్ళు మండింది, అప్పుడు నోరు తెరుచుకుంది.

"నాకు పని ఎక్కువైందని నీకు తెలుసన్నమాట" అన్నాను. "సంతోషం నౌఫెల్. తెలిసి, తగ్గించాల్సింది ఆఫీసులోది అనుకున్నావు. ఇంట్లోది అనుకోలేదు."

 మా అత్తగారు సంచి మూతి కడుతూ ఉంది. ఇప్పుడు దెప్పుతుందనుకున్నాను, ఊలాకి ఒక్కరోజు రావడానికి ఏడ్చినదానికి పెద్ద పదవట అంటుందనుకున్నాను. ఆవిడ ముడి బిగించి, కొడుకు వైపు తిరిగి, "ఒరేయ్, ఆ ఆఫీసులో నువ్వేమన్నా పనిచేస్తున్నావా?" అని అడిగింది. లేదన్నాడు. "మరి నీకెందుకు చేశాడు వాడు ఫోను?" అంది. తర్వాత అదేం పెద్ద విషయం కానట్టు, ఈసారి సన్నరకం బాగా కుదిరిందని, దాన్ని విడిగా దాచమని నాకు చెప్పింది.  మొదటిసారి, ఏం చేయాలో తెలియక, నౌఫెల్ పుచ్చకాయ తనే కోశాడు. గింజలతో సహా ముక్కలు పళ్ళెంలో పెట్టి నా ముందుకి తోశాడు. తిన్నాను, తియ్యగానే ఉంది. కానీ నా సమస్య తీరడానికి అది సరిపోదు.

శుక్రవారం ఎనిమిది కాకముందే సీ షెద్లీ గది తలుపు కొట్టాను. ఆయన హుషారుగా కూర్చోమన్నాడు. కాఫీ చెప్పనా అని ఆయనే అడిగాడు, నేను వద్దన్నాను. బల్ల మీద కాగితం ఉంది, ఇంకా సంతకం కాలేదు. విభాగం పెద్దగా అనీస్ పేరు, రెండో వరసలో, అతనికి తోడ్పాటుగా, నా పేరు. నేను చదవడం చూసి ఆయన కుర్చీలో ముందుకి జరిగి బుజ్జగింపుగా మాట్లాడాడు. నా ప్రతిభ గురించి తనకి సందేహమే లేదట. ఆ అంకెలు నావేనని అందరికీ తెలుసట. కుర్చీ అంటే మీటింగులు, తిరుగుళ్ళు, చీవాట్లు, అదంతా కుర్రాడు పడతాడట, నేను హాయిగా నా పని చేసుకోవచ్చట. మీ ఆయన కూడా అదే అన్నారు మదామ్, మీ గురించి ఎంత ఆలోచిస్తారో, అదృష్టవంతులు అన్నాడు. నేను అప్పటిదాకా ఏం మాట్లాడాలో దారంతా కూడబలుక్కుంటూ వచ్చాను, పదకొండేళ్ళ నివేదికల జాబితా సంచిలో పెట్టుకుని మరీ వచ్చాను. అదేదీ బయటికి తీయబుద్ధి కాలేదు. ఒక్క చిన్న విషయం తెలుసుకోవాలనిపించింది.

"మా ఆయన నంబరు మీకెలా దొరికింది, సీ షెద్లీ?"

అది కూడా తన శ్రద్ధకి గుర్తే అన్నట్టు ఆయన గర్వంగా నవ్వాడు. నా ఫైలు తెప్పించి చూశాడట. ఉద్యోగంలో చేరిన రోజున నేనే నా చేత్తో రాసిచ్చిన కాగితం అందులో ఉందట. అత్యవసరమైతే ఎవరికి ఫోన్ చేయాలి అన్న చోట ఆ నంబరుందట.

నేను బల్ల మీది కాగితాన్ని ఆయన వైపు తిప్పి, మొదటి వరసలో అనీస్ పేరున్న చోట వేలు పెట్టాను.

"అది నేను స్పృహ తప్పి పడిపోతే చేయమని ఇచ్చిన నంబరు, సీ షెద్లీ. నేను స్పృహలోనే ఉన్నాను."